తాతయ్య హార్మోనియం, నా మొసలి: పాత వాద్యాల భాగాలతో బొమ్మలు చేయడం ఎలా?

నేను సీఎస్‌ఈ సెకండియర్. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే కాబట్టి నా తెలుగులో అక్కడక్కడా తప్పులుంటాయి, సర్దుకుపోండి. మన క్లబ్ గ్రూపులో "కవితలు చాలా వచ్చాయి, ఈసారి ఎవరైనా చేత్తో చేసే పని గురించి రాయండి" అని అడిగితే ధైర్యం చేసి చెయ్యెత్తాను.

పాడైపోయిన సంగీత వాద్యాల భాగాలతో సరదా బొమ్మలు చేయడం ఈ వ్యాసం విషయం. ఈ పని ఎవరెవరు ఎలా చేశారు, ఏ వాద్యంలో ఏ భాగం దేనికి పనికొస్తుంది, ఎలా విప్పాలి, ఎలా కలపాలి అన్నవి వరసగా చెప్తాను. కానీ వీటన్నిటికంటే ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. మిగతా పాఠమంతా దాంట్లోంచే వచ్చింది.

మొసలి ప్లాన్

పోయిన వేసవి సెలవుల్లో తెనాలి దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊరు వెళ్లాను. మన ఫెస్ట్‌లో 'వేస్ట్ టు ఆర్ట్' పోటీకి పేరిచ్చి ఉన్నాను. ఏదైనా పాత సామాను దొరుకుతుందేమో అని అటక ఎక్కితే, దుప్పట్లో చుట్టిన హార్మోనియం కనిపించింది. తాతయ్య కుర్రతనంలో పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవారు. ఇప్పుడు దాని తిత్తిని ఎలుకలు కొట్టేశాయి. పదేళ్లుగా ఎవరూ ముట్టుకున్నట్టు లేదు. మూత తీసి మెట్ల వరస చూడగానే నాకు ఒక్కటే అనిపించింది: మొసలి పళ్లు!

ఎవర్నీ అడగలేదు. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక వసారాలో కూర్చుని స్క్రూడ్రైవర్‌తో విప్పడం మొదలుపెట్టాను. మెట్లు తీశాను, కింద స్క్రూలతో బిగించిన రీడ్లు కొన్ని ఊడదీశాను. హార్మోనియం మెట్టు మనకి బయట కనిపించేంతే ఉండదు, లోపలికి చాలా పొడుగుంటుంది. పళ్లంటే పొట్టిగా ఉండాలి కాబట్టి హాక్సా బ్లేడుతో నాలుగు మెట్లు కోసేశాను. అయిదోది పట్టుకునేసరికి తాతయ్య లేచి వచ్చారు.

తిట్టలేదు. నా పక్కనే కింద కూర్చుని, నేను ఊడదీసి న్యూస్ పేపర్ మీద పడేసిన రీడ్లలో ఒకటి తీసి, పంచె కొంగుతో తుడిచి, పెదాల దగ్గర పెట్టుకుని ఊదారు. మోగింది. చాలా స్పష్టంగా మోగింది. ఇంకోటి తీసి ఊదారు. అదీ మోగింది.

"రీడ్లన్నీ బానే ఉన్నాయమ్మలూ. తిత్తి ఒక్కటే పోయింది. అది మార్చుకోవచ్చు" అన్నారు.

తర్వాత నేను కోసిన నాలుగు మెట్లూ చేతిలోకి తీసుకుని, అవి ఏ స్వరాలవో ఒక్కొక్కటీ చూశారు. ఇంకేమీ అనలేదు. లేచి మొహం కడుక్కోవడానికి వెళ్లిపోయారు.

'పాడైంది' అన్న మాటా 'పనికిరాదు' అన్న మాటా ఒకటి కాదని నాకు అప్పుడు తెలిసింది. ప్రోగ్రాంలో ఒక ఫంక్షన్ తప్పుగా ఉంటే ప్రాజెక్ట్ మొత్తం డిలీట్ చేస్తామా? నేను చేసింది అదే. పైగా కోడ్‌కైతే కంట్రోల్ జెడ్ ఉంటుంది. హాక్సా బ్లేడుకి లేదు.

అసలు హార్మోనియం ఇక్కడిదాకా ఎలా వచ్చింది?

దాన్ని కోసేశాక దాని చరిత్ర చదివాను (అవును, వరస తిరగబడింది). హార్మోనియం 1840ల్లో పారిస్‌లో పుట్టింది. అలెగ్జాండర్ డెబాన్ అనే ఆయన పేటెంట్ తీసుకున్నారు. అప్పట్లో అది కుర్చీ మీద కూర్చుని కాళ్లతో తొక్కి వాయించే పెద్ద పెట్టె. నేల మీద కూర్చుని ఒక చేత్తో తిత్తి ఊపుతూ ఇంకో చేత్తో వాయించే మన చిన్న హార్మోనియాన్ని 1875లో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ తయారుచేశారని చెప్తారు. ఆయన కంపెనీ పేరు ద్వార్కిన్. దీంట్లో స్వరాలు స్థిరంగా ఉంటాయి, గమకాలు పలకవు అని ఆల్ ఇండియా రేడియో 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. 1971 దాకా ఆ నిషేధం సడలలేదు.

రేడియో వద్దన్న ఆ రోజుల్లోనే మన ఊళ్లల్లో పద్యనాటకం హార్మోనియం లేకుండా జరిగేది కాదు. నటుడికి శ్రుతి ఇచ్చేది అదే, పద్యం చివర రాగం తీస్తుంటే వెంట నడిచేది అదే. జనం 'వన్స్ మోర్' అని అరిస్తే మళ్లీ మొదటి నుంచీ వాయించాల్సింది హార్మోనిస్టే. ఒక్క రాత్రిలో అలా ఎన్ని సార్లు వాయించేవారో తాతయ్య చెప్తుంటే నాకు చేతులు నొప్పి పుట్టాయి.

ప్రపంచంలో ఈ పని చేసినవాళ్లు

వాద్యాలని శిల్పాలుగా మార్చడం కొత్త ఐడియా ఏమీ కాదు. నలుగురి గురించి చెప్తాను. నలుగురూ నాలుగు రకాలు.

మొదటివాడు ఆర్మాన్. 1928లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో పుట్టాడు. నాన్న పాత వస్తువుల వ్యాపారి, సెల్లో కూడా వాయించేవాడు. అంటే ఇంట్లోనే పాత సామానూ సంగీతమూ రెండూ ఉన్నాయి. ఆర్మాన్ వయొలిన్లని ముక్కలుగా కోసి, పియానోలని పగలగొట్టి, ఆ ముక్కలని ఎలా పడ్డవి అలాగే పలక మీద బిగించేవాడు. 1962లో చేసిన 'షోపాన్స్ వాటర్లూ' అలా పగలగొట్టిన పియానోనే. ఆ శిల్పం ఇప్పుడు పారిస్‌లో పాంపిడూ సెంటర్ వాళ్ల దగ్గర ఉంది. చూస్తే గొప్పగా ఉంటుంది, భయంగానూ ఉంటుంది. అక్కడ ఆట కంటే కోపం ఎక్కువ.

రెండో ఆయన స్విట్జర్లాండ్‌కి చెందిన జాన్ టింగ్లీ. ఈయన పాత ఇనుప చక్రాలు, మోటార్లు, బెల్టులతో కదిలే యంత్రాలు చేసేవాడు. 1960 మార్చిలో న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియం తోటలో, తనని తానే పగలగొట్టుకునే యంత్రం ఒకటి పెట్టాడు. అందులో ఒక పియానో కూడా ఉంది. 27 నిమిషాలు ఆడాక ఫైర్ వాళ్లు వచ్చి ఆపాల్సి వచ్చింది. 1970ల చివర్లో 'మెటా హార్మనీ' అని ఇంకో రకం యంత్రాలు మొదలుపెట్టాడు. వాటిల్లో చక్రాలు తిరుగుతుంటే డ్రమ్ములు, కీబోర్డులు, గంటలు, పిల్లల బొమ్మలు ఎవరిష్టం వచ్చినట్టు అవి మోగుతాయి. మన హాస్టల్ మెస్ గుర్తొస్తుంది. నలుగురిలో నాకు బాగా నవ్వొచ్చింది ఈయన పని చూసే.

మూడో ఆవిడ లండన్‌కి చెందిన కార్నీలియా పార్కర్. 2001లో 'బ్రెత్‌లెస్' కోసం, వాడకం నుంచి తీసేసిన బ్యాండు వాద్యాలు పోగుచేసి, టవర్ బ్రిడ్జిని పైకెత్తే యంత్రంతో అప్పడాల్లా నొక్కించింది. వాటిని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో రెండు అంతస్తుల మధ్య గుండ్రంగా వేలాడదీశారు. 2004లో 'పర్పెచువల్ కానన్' అని ఇంకోటి చేసింది. అందులో నలిపిన 60 వాద్యాలు మధ్యలో ఒకే ఒక్క బల్బు చుట్టూ వేలాడుతుంటాయి. నీడలు మాత్రం గోడల మీద మామూలు ట్రంపెట్‌లు, ట్యూబాల్లాగా పెద్దగా పడతాయి. వాద్యంలో గాలి లేదు, నీడలో బ్యాండు మాత్రం ఇంకా నడుస్తోంది.

నాలుగో ఆయన ట్రింపిన్. జర్మనీలో పుట్టి అమెరికాలోని సియాటిల్‌లో స్థిరపడ్డాడు. అక్కడి మ్యూజియం ఆఫ్ పాప్ కల్చర్‌లో 500కి పైగా వాద్యాలతో, ఎక్కువగా గిటార్లతో, సుడిగాలిలా పైకి లేచే స్తంభం కట్టాడు. అందులో కొన్ని గిటార్లు కంప్యూటర్ నడిపిస్తే వాటంతట అవే మోగుతాయి. మన బ్రాంచ్ వాళ్లకి ఇదే ఇన్‌స్పిరేషన్!

మన దగ్గర తుక్కుతో శిల్పం అంటే నాకు తెలిసిన పేరు తెనాలిదే. అక్కడ కాటూరి వెంకటేశ్వరరావు, రవిచంద్ర తండ్రీకొడుకులు నట్లు, బోల్టులు, బళ్ల పాత భాగాలతో నిలువెత్తు విగ్రహాలు చేస్తారు. వాళ్లది ఇనుము, వాద్యాలు కాదు. కానీ ఏ ముక్క ఎక్కడ కండరంలా కనిపిస్తుందో చూసే కన్ను ఒకటే.

వీళ్లందరికీ ఎదురుగా వచ్చేవాళ్లు కూడా ఉన్నారు. దక్షిణ అమెరికాలో పరాగ్వే దేశ రాజధాని అసున్సియోన్ పక్కన కతేయురా అని పెద్ద చెత్త డంపు ఉంది. అక్కడి పిల్లలకి సంగీతం నేర్పిన ఫావియో చావెజ్, చెత్త ఏరే నికొలాస్ గోమెజ్ కలిసి డబ్బా రేకులు, ఫోర్కులు, పైపులతో వయొలిన్లు, శాక్సోఫోన్లు తయారుచేశారు. ఆ పిల్లల ఆర్కెస్ట్రా దేశదేశాలు తిరిగింది. వాళ్లు చెత్తలోంచి వాద్యం తీశారు. నేను వాద్యంలోంచి చెత్త తీయబోయాను. ఇది చదివిన రోజు నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు.

విప్పే ముందు మూడు ప్రశ్నలు

అందుకే ఇప్పుడు ఏ వాద్యం దొరికినా స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు మూడు ప్రశ్నలు వేసుకుంటున్నాను.

1. ఇది ఎవరిది? ఇంట్లో ఎవరూ వాడట్లేదు అంటే ఎవరిదీ కాదని కాదు. నోరు తెరిచి అడగండి.

2. ఇందులో పోయింది ఏ ఒక్క భాగం? దాన్ని మార్చొచ్చా? హార్మోనియంకి తిత్తి మార్చొచ్చు. వీణకి మెట్లు ఊడిపోతే భయంకరంగా కనిపిస్తుంది కానీ, ఆ 24 ఇత్తడి మెట్లూ మైనం మీద కూర్చున్నవే. మైనం వేసి మళ్లీ అమర్చొచ్చు. బొబ్బిలి వీణలు పనస చెక్కతో చేస్తారు. దాంట్లో ఒకే దుంగలోంచి కుండా దండీ కలిపి తొలిచిన ఏకాండి వీణ చేతికొస్తే దాన్ని బొమ్మ చేద్దామన్న ఆలోచన కూడా వద్దు, దండం పెట్టి బాగుచేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.

3. ఇది బాగవదు సరే, ఇంకొకళ్ల వాద్యానికి స్పేర్ పార్ట్‌గా పనికొస్తుందా? మంచి రీడ్లు, బిరడాలు, క్లారినెట్ కీలు ముందు రిపేర్ చేసేవాళ్లకి చూపించండి. వాళ్లు వద్దన్నవే మనవి.

ఈ మూడూ దాటాక మిగిలేది తక్కువే. కానీ ఆ తక్కువ చాలు. నిజానికి మనకి మంచి సామాను దొరికేది అటకల మీద కాదు, రిపేర్ షాపుల్లో. తబలాకి కొత్త తోలు మూత వేస్తే పాత మూత పడేస్తారు. గిటార్ మెడ విరిగితే తోక మిగులుతుంది. బ్యాండు మేళం వాళ్ల వాద్యాలు బాగుచేసే దగ్గర సొట్టలు పడ్డ ఇత్తడి గొట్టాలుంటాయి. అడిగితే ఇస్తారు, కొన్నిసార్లు తూకానికి డబ్బులు తీసుకుంటారు. ఒక జాగ్రత్త: చాలా పాత వాద్యాల మీద ఏనుగు దంతం, జింక కొమ్ము పని ఉండొచ్చు. వన్యప్రాణుల చట్టం ఉంది కాబట్టి అలాంటివి కొనడం, అమ్మడం జోలికి పోవద్దు.

బొమ్మ ఎప్పుడు సరదాగా ఉంటుంది?

పికాసో 1942లో ఎద్దు తల ఒకటి చేశాడు. సైకిల్ సీటు ముఖం, హ్యాండిల్ కొమ్ములు. అంతే, రెండే భాగాలు. చూడగానే ఎద్దు కనిపిస్తుంది, మరుక్షణం సైకిల్ కనిపిస్తుంది, మళ్లీ ఎద్దు. మన మనసు ఈ రెండిటి మధ్య అటూ ఇటూ గెంతుతుంటే నవ్వొస్తుంది. సరదా అంతా ఆ గెంతులోనే ఉంది.

దీన్నుంచి నేను రెండు రూల్స్ తీసుకున్నాను. ఒకటి, పెయింట్ వేయొద్దు. వేస్తే గుడ్లగూబే కనిపిస్తుంది, గిటార్ మాయమైపోతుంది. రెండు, ఎక్కువ భాగాలు పెట్టొద్దు. పెడితే భాగాల కుప్పే కనిపిస్తుంది, గుడ్లగూబ మాయమైపోతుంది. మీ బొమ్మని రూమ్మేట్‌కి చూపించండి. ముందు "గుడ్లగూబ" అని, రెండు సెకన్లాగి "ఏయ్, ఇవి తబలా మూతలు కదా!" అంటే మీరు పాసైనట్టు.

మూడో రూల్ నాకు ఆలస్యంగా తెలిసింది. వాద్యంలో ఆ భాగం చేసిన పనినే బొమ్మలో కూడా చేయనిస్తే బొమ్మకి ప్రాణం వస్తుంది. తిత్తి ఊపిరి తీయాలి. మర తిరగాలి. రీడు కూయాలి.

ఏ భాగం దేనికి?

గిటార్: దీంట్లో బంగారం తల దగ్గరున్న మరలు. తీగ బిగించడానికి తిప్పే ఆ మరలో ఒక వర్మ్ గేర్ ఉంటుంది. చాలావాటికి 14 లేదా 18 సార్లు తిప్పితే గానీ కడ్డీ ఒక చుట్టు తిరగదు. ముఖ్యమైన విషయం ఏంటంటే, గుండీ తిప్పితే కడ్డీ తిరుగుతుంది కానీ కడ్డీని లాగితే గుండీ తిరగదు. అందుకే తీగ జారిపోదు. బొమ్మలో రెక్కో తోకో పైకి లేపి అక్కడే ఆపాలంటే ఇంతకంటే మంచి మర దొరకదు. స్టీలు తీగల గిటార్‌లో ఆరు తీగల బిగువు కలిపితే సుమారు 70 కిలోల పైనే ఉంటుంది. అందుకని తీగలు కత్తిరించొద్దు. అన్నీ కొంచెం కొంచెంగా వదులు చేశాకే తీయండి. కళ్లద్దాలు పెట్టుకోండి.

వయొలిన్: తల దగ్గర చుట్ట తిరిగిన భాగం నత్తగుల్ల, పొట్టేలు కొమ్ము, చెవి, ఏదైనా అవుతుంది. తీగలు వదులు చేశాక లోపల చిన్న కర్ర దొర్లిన చప్పుడు వస్తే కంగారు పడకండి. అది పై పలకకీ కింది పలకకీ మధ్య జిగురు లేకుండా, ఒత్తిడి మీదే నిలబడే పుల్ల. పై పలక కంపనాన్ని కిందికి చేర్చేది అదే. ఫ్రెంచి వాళ్లు దాన్ని 'ఆత్మ' అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. ఇంకో సంగతి, వయొలిన్ చేసేవాళ్లు పలకలని జంతు చర్మం నుంచి తీసిన జిగురుతో అతికిస్తారు. తడి, వేడి తగిలితే అది వదులుతుంది. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు విప్పి బాగుచేయాల్సి వస్తుందని ముందే ఆలోచించి వాడే జిగురు అది. ఇది చదివాక నా ఫెవిక్విక్ ట్యూబు డ్రాయర్లో పెట్టేశాను.

తబలా: పాత తోలు మూత మధ్యలో నల్లటి గుండ్రం ఉంటుంది కదా, అచ్చం కనుపాప. కుడి తబలాకి అది సరిగ్గా మధ్యలో ఉంటుంది. ఎడమ డగ్గాకి మూత పెద్దది, నల్ల గుండ్రం ఓ పక్కకి ఉంటుంది. రెండూ పక్కపక్కన పెడితే ఒక కన్ను చిన్నది, ఇంకో కన్ను పెద్దది, పైగా అది దిక్కులు చూస్తుంటుంది! ఆ నల్ల పూతలో ఇనుప పొడి లాంటివి కలుపుతారు కాబట్టి దాన్ని గీకి దుమ్ము పీల్చొద్దు.

బ్యాండు వాద్యాలు: ట్రంపెట్ గరాటు ఏనుగు చెవి, పువ్వు, లంగా. క్లారినెట్ కీలు పురుగు కాళ్లు.

ఎలక్ట్రానిక్ కీబోర్డు: స్పీకర్లు గుండ్రటి కళ్లు. బ్యాటరీ తీసి, ప్లగ్ పీకి, కాసేపాగి విప్పండి.

హార్మోనియం: 39 లేదా 42 మెట్లుంటాయి. రెండు వరసల రీడ్లున్న 42 మెట్ల పెట్టెలో 84 రీడ్లుంటాయి. ఒక్కో రీడు ఇత్తడి పలక మీద ఒక చివర బిగించిన సన్నటి నాలుక. నాలుక కొస దగ్గర అరగదీస్తే బరువు తగ్గి స్వరం పైకి పోతుంది. మొదట్లో అరగదీస్తే బిగువు తగ్గి స్వరం కిందికి దిగుతుంది. శ్రుతి చేసేవాళ్లు చేసేది ఇదే. మనం మంచి రీడ్ల మీద ఆకురాయి పెట్టొద్దు, చచ్చిన రీడ్ల మీద ప్రయోగాలు చేసుకోవచ్చు.

ఒక చిన్న ప్రాజెక్ట్: దిక్కులు చూసే గుడ్లగూబ

కావాల్సినవి: పాత తబలా మూత ఒకటి, డగ్గా మూత ఒకటి, మెడ విరిగిన గిటార్ తల భాగం మరలతో సహా, ఒక గిటార్ తీగ, చిన్న చెక్క పలక, రెండు మడత బందులు, స్క్రూలు, సన్న తీగ.

చెక్క పలక మీద ముందు ఏమీ బిగించకుండా అన్నీ పరిచి చూడండి. ఫొటో తీయండి. మార్చండి. మళ్లీ ఫొటో తీయండి. ఇది మన వెర్షన్ కంట్రోల్. ఏ అమరిక నచ్చిందో ఒక రాత్రి ఆగి, తెల్లారి చూసి నిర్ణయించుకోండి.

మూతలని చుట్టూ ఉన్న తోలు అల్లికలోంచి సన్న తీగ దూర్చి పలకకి కట్టండి. కళ్లు అయిపోయాయి. గిటార్ తలని కింద తలకిందులుగా బిగిస్తే మరల గుండీలు కాలి వేళ్లవుతాయి. విరిగిన చెక్క ముక్కలు రెండు, మడత బందులతో రెక్కలుగా రెండు పక్కలా బిగించండి. ఒక రెక్క నుంచి గిటార్ తీగని పలక పైనుంచి తిప్పి కింద ఒక మర కడ్డీకి చుట్టండి. ఇప్పుడు కాలి వేలు తిప్పితే రెక్క లేస్తుంది, వదిలేసినా పడదు. ముక్కు పెట్టాలా వద్దా అనేది మీ ఇష్టం. నేను పెట్టలేదు, ఆ కళ్ల ముందు ముక్కు ఎవరూ వెతకలేదు.

జిగురు ఎక్కడా వాడలేదు గమనించారా? స్క్రూలు, కట్లు మాత్రమే. రేపు ఎవరికైనా ఆ గిటార్ మర కావాలంటే అయిదు నిమిషాల్లో విప్పి ఇచ్చేయొచ్చు. బొమ్మకి అన్‌డూ ఉండాలి.

గొంగళిపురుగు సంగతి

తాతయ్య హార్మోనియాన్ని తెనాలిలో బాగుచేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాం. కొత్త తిత్తి వేశారు. నాలుగు మెట్లు కొత్తవి చెక్కి పెట్టారు. డబ్బు నా ట్యూషన్ సంపాదనలోంచి ఇస్తానంటే తాతయ్య సగమే తీసుకున్నారు. పాత తిత్తీ, శ్రుతి నిలవని రెండు రీడ్లూ ఆయన ఒక సంచిలో వేసి నాకిచ్చారు.

ఆ తిత్తిలో ఎలుకలు కొట్టని మడతలతో గొంగళిపురుగు చేశాను. చిరుగులకి రెక్సిన్ అతుకులేశాను, నోటి దగ్గర ఒక రీడు బిగించాను. మొదటిసారి రీడు తిరగేసి పెట్టినట్టున్నాను, వీపు నొక్కితే ఉత్త గాలే వచ్చేది. వదిలినప్పుడు, అంటే ఊపిరి పీల్చినప్పుడు మాత్రం కూసేది. నాలుక ఉన్న వైపు నుంచి గాలి తోస్తేనే రీడు పలుకుతుంది. కాబట్టి నాలుక లోపలి వైపుకి రావాలి. తిప్పి పెట్టాక నొక్కితే 'కుయ్' అంది. ఫెస్ట్‌లో ప్రైజ్ రాలేదు. జడ్జిగారు "దీంట్లో మెసేజ్ ఏంటమ్మా?" అని అడిగితే నాకేం చెప్పాలో తోచలేదు. క్యాంటీన్ అంకుల్ వాళ్ల చిన్నపాప మాత్రం సాయంత్రం దాకా దాన్ని వదల్లేదు.

దసరాకి ఊరెళ్లినప్పుడు తాతయ్య వరండాలో హార్మోనియం ముందు కూర్చుని ఉన్నారు. పాత మెట్లన్నీ పసుపు పచ్చగా మాగి ఉన్నాయి. మధ్యలో నాలుగు మాత్రం తెల్లగా మెరుస్తున్నాయి. ఆయన వేళ్లు వాటి మీద నుంచి కూడా మామూలుగానే వెళ్తున్నాయి. నా కళ్లే ఆ నాలుగింటి దగ్గర ఆగిపోతున్నాయి.

నేను కోసిన ముక్కలు నాలుగూ హాస్టల్లో నా పెన్సిల్ బాక్సులో ఉన్నాయి. వాటితో ఇంకా ఏ బొమ్మా చేయలేదు.

సంక్రాంతి సెలవులు వస్తున్నాయి కదా. మీ ఇంట్లో అటక మీద ఏముందో చూడండి. వాద్యం ఏదైనా దొరికితే ముందు తుడిచి, ఊది, మీటి, నొక్కి చూడండి. అది ఎవరిదో వాళ్లని పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి. నిజంగా బాగవ్వని భాగాలు దొరికితే పడేయకుండా క్లబ్ రూముకి తీసుకురండి. స్క్రూడ్రైవర్లు నా దగ్గర ఉన్నాయి. హాక్సా బ్లేడు మాత్రం అడక్కండి.